ఎర్ర బటనూ వంద పేజీల నోటుబుక్కూ

ఫోనులో ఆట ఆడుతూ పొరపాటున ఏదో నొక్కేస్తారు. నాలుక కరుచుకుని, మూలనున్న వంకర బాణం గుర్తు నొక్కుతారు. పోయింది తిరిగొస్తుంది. మీరు ఆడుకుంటూ పోతారు. ఆ బాణం అక్కడికి ఎలా వచ్చిందని మీలో ఒక్కరూ ఆలోచించరు. ఆలోచించాలని నేనూ అనను. కానీ బస్సులో పక్క సీట్లో ఎవరైనా ఆడుతుంటే నా నోరు ఊరుకోదు. ఒకసారి ఒక అమ్మాయితో, "మేం చేసిన ఆటలో మొదట ఆ బాణం లేదమ్మా" అన్నాను. ఆ పిల్ల చెవుల్లోంచి తీగలు తీసి, "ఏంటంకుల్?" అంది. "ఏం లేదులే" అన్నాను. మళ్ళీ తీగలు పెట్టుకుంది.

ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. మీరైతే మధ్యలో దిగిపోరు.

నేను పుట్టు ప్రోగ్రామర్‌ని కాను. మేడ్చల్ పారిశ్రామికవాడలో యంత్రాలకు కంట్రోల్ ప్యానెళ్ళు బిగించే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఇనుప పెట్టె, దాని తలుపు మీద బటన్లు, లోపల తీగలు. పచ్చది నొక్కితే యంత్రం నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. ఆ ఎర్ర బటన్ ఎక్కడ పెట్టాలో చూసేది నేనే. కుడిచేతి వైపు, కిందికి, అన్నిటికంటే పెద్దదిగా. కంగారులో చూడకుండా చెయ్యి విసిరినా దాని మీదే పడాలి. నొక్కాక అది ఎదురు ప్రశ్న వేయకూడదు, వెంటనే ఆపేయాలి. ఒకసారి ప్రెస్సు మీద పనిచేసే ఒకాయన చొక్కా చెయ్యి యంత్రంలో చిక్కుకుంటే, పక్కనున్నవాడు కేక వేస్తూ చెయ్యి విసిరాడు. అది నా బటన్ మీద పడింది. ఆయన అయిదు వేళ్ళూ మిగిలాయి. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా ఆయన చెయ్యెత్తి వేళ్ళు ఆడించి చూపించేవాడు. నా మొత్తం ఉద్యోగ జీవితంలో అంతకు మించిన సన్మానం నాకు జరగలేదు.

తొంభైల చివర్లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అంతకు ముందు ఏడే నా భార్య పచ్చకామెర్లతో పోయింది. మాకు పిల్లలు లేరు. మేడ్చల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ రేడియోనూ మిగిలాం. ఏం చేయాలో తోచక బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా ఇంటర్ తప్పినవాళ్ళు. వాళ్ళ కంటే నాకే త్వరగా వచ్చింది. తీగలు కలిపినవాడికి అదేం పెద్ద విద్య కాదు, అక్కడా ఇది నొక్కితే అది జరగాలి, అంతే.

అలా నలభై నాలుగేళ్ళ వయసులో మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు మీద, ఒక మేడలో నడిచే చిన్న ఆటల కంపెనీలో చేరాను. కంప్యూటర్‌లో ఆడే ఆటలు తయారుచేసి విదేశాల్లో ఒక కంపెనీకి ఇచ్చేవాళ్ళం. మా యజమానికి నా కంటే పన్నెండేళ్ళు తక్కువ. మంచివాడే. సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు చదువు చదివినవాడు, తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మిగతావాళ్ళు ఎనిమిది మంది కుర్రవాళ్ళు. పొద్దున వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారంటే సాయంత్రం వరకూ తీయరు. యజమానితో సహా అందరికీ నేను "అంకుల్"ని.

ఫ్యాక్టరీలో మధ్యాహ్నం గంట కొడితే ముప్పై మందిమి రేకుల షెడ్డు కింద కూర్చుని, ఒకరి గిన్నెలో ఒకరం చెయ్యి పెట్టి తినేవాళ్ళం. కూరలో ఉప్పు ఎక్కువైతే వండినావిడ దాకా తిట్లు వెళ్ళేవి. ఇక్కడ కుర్రాళ్ళు బైకుల మీద ధాబాకు పోయేవారు. "వస్తారా అంకుల్?" అని మొదటి వారం అడిగారు. నాకసలే ముక్కు మీద కోపం, "నాకు బాక్సుంది" అని కసిరినట్టు చెప్పాను. ఇక అడగలేదు. నేను డాబా ఎక్కి ఒక్కణ్ణే తినేవాణ్ణి. పక్కన ఒకప్పటి ద్రాక్షతోట. తీగలు పీకేశారు, పందిరికి నిలబెట్టిన రాతి కడీలు మాత్రం వరసగా ఉండేవి. వాటి మధ్య ప్లాట్ల హద్దురాళ్ళు పాతి సున్నం కొట్టారు. ఆ కడీల్ని లెక్కపెడుతూ అన్నం తినేవాణ్ణి. అంత ఒంటరిగా నా భార్య పోయిన నెలలో కూడా లేను.

ఆ డాబా మీదికి ఒక రోజు ఒకామె టిఫిన్ బాక్సు తీసుకుని వచ్చింది. మా ఆఫీసులో ఊడ్చి, తుడిచి, టీ కాచే ఆమె. ముప్పై ఏళ్ళుంటాయి. గౌడవెల్లి నుంచి వచ్చేది. భర్త ఫ్యాక్టరీ పనికి బైకు మీద పోతూ ఆమెను రోడ్డు మీద దింపిపోయేవాడు.

"కూసోవచ్చా సార్? కింద మస్తు ఉక్కపోస్తాంది."

"కూర్చో, నా డాబానా ఏమన్నా?" అన్నాను.

ఆమె ఆ కడీల వైపు చూస్తూ, "గా మూడో వరుస నాదే" అంది. పెళ్ళయిన కొత్తలో ఆ తోటలోనే పనిచేసిందట. ద్రాక్ష గుత్తిలో ఇరుక్కుపోయిన పళ్ళనూ, చెడిన పళ్ళనూ చిన్న కత్తెరతో ఒక్కొక్కటీ తీసే పని. పక్క పండుకు గాటు పడకూడదు, గుత్తి రాలకూడదు. ఆరేళ్ళు చేసింది. తోట ప్లాట్లయ్యాక, అదే తోట పక్కన మేడలో చీపురు పట్టింది. తన బాక్సులోంచి టమాట తొక్కు తీసి నా అన్నం మీద వేసింది. అడగను కూడా అడగలేదు. నెల తిరిగేసరికి నేను ఆమెకు "అన్న"నయ్యాను, "మీరు" కాస్తా "నువ్వు" అయింది. నేను "చెల్లె" అనడం మొదలుపెట్టాను. నాకు సొంత చెల్లెళ్ళు లేరు.

ఆమె టెస్టర్ కావడం కూడా చిత్రంగానే జరిగింది. కుర్రాళ్ళు తిండికి పోయినప్పుడు, తెరిచి ఉన్న కంప్యూటర్లో మా కొత్త ఆట ఆడుతూ యజమానికి దొరికిపోయింది. ఆయన తిట్టబోయి, తెర మీద ఆమె స్కోరు చూసి ఆగిపోయాడు. మా కుర్రాళ్ళెవరికీ అంత రాలేదు. "పండ్లే గద సార్, చేతికి అలవాటే" అందట. ఆట అదే మరి. తెర నిండా గళ్ళు, గడికో పండు. పక్కపక్కనున్న పళ్ళను ఒక్కొక్కటీ నొక్కుతూ వరసగా ఎంచుకోవాలి. ఎంచుకున్నది పసుప్పచ్చగా వెలుగుతుంది. వరస ఎంత పొడుగైతే అన్ని పాయింట్లు. అయ్యాక "సరే" నొక్కాలి. ఎంపిక నచ్చకపోతే "తీసేయి" నొక్కాలి, అన్నీ ఆరిపోతాయి. ఆ బటన్లన్నీ నావే.

యజమాని ఆమెతో, "మూడు నెలలు టెస్టింగ్ చెయ్ అమ్మా. ఆట బయటికి వెళ్ళే లోపల తప్పులు బాగా పట్టావంటే నిన్ను ఆ పనిలోనే పర్మనెంట్ చేస్తాను, చీపురు ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె మెట్లు దిగుతూ నాతో, "అన్నా, మా అత్తమ్మకు ఇప్పుడైతే చెప్పనే చెప్ప. పర్మనెంట్ అయినంక కుర్సీల కూసోని చెప్త" అంది.

చిక్కల్లా ఆమెకు ఇంగ్లీషు రాయడం రాకపోవడమే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆమె వంద పేజీల నోటుబుక్కులో తప్పులు తెలుగులో రాసేది. నేను వాటిని ఇంగ్లీషులోకి మార్చి విదేశీ కంపెనీకి పోయే పట్టికలో ఎక్కించేవాణ్ణి. ఆ నోటుబుక్కు నా డ్రాయరులో ఉండేది. ఒక్కో పేజీ పైమూల నాకోసం చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాసేది. "అన్నా, గిది జల్దీ." "అన్నా, గిది నవ్వకుంట చదువు." ఆమె రాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేది. తప్పులు కూడా అలాగే పట్టేది. ఎక్కడో మూల పుచ్చకాయ సగం గడి అవతలికి జరిగితే కుర్రాళ్ళు నెలరోజులుగా చూడలేదు, ఆమె మొదటి గంటలో చూసింది.

రెండో నెలలో ఒక రోజు డాబా మీద అంది.

"అన్నా, గా ఎర్ర బటన్ ముచ్చట చూసినవా? నిన్న రాసిన."

ఎర్ర బటన్ అంటే "తీసేయి". నేను దాన్ని ఎక్కడ పెట్టానో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. కుడివైపు, కిందికి, అన్నిటికంటే పెద్దదిగా, ఎర్రగా. "సరే" దాని పక్కనే చిన్నగా. పద్దెనిమిదేళ్ళ చేతి అలవాటు కదా, ఇంకోచోట పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు.

"ఏమైంది దానికి?" అన్నాను.

"పదకొండు పండ్లు సూసి సూసి, సోంచాయించి పెడ్త. సరే కొట్టబోతే చెయ్యి పోయి దాని మీద పడ్తాంది. అన్ని పోతున్నయి. ఏడుపొస్తాంది అన్నా. ఇంకోటి, ఒక్క పండు తప్పు పెడితే గా ఒక్కటే తీసే తొవ్వ లేదు. మొత్తం తీయాలె. గుత్తిల ఒక్క పండు చెడితే గుత్తినంత కోస్తమా? గా ఒక్కదాన్నే కత్తెర పెట్టి తీస్తం."

"తొందరపడకుండా ఆడాలి" అన్నాను.

"నేను ఆడుత, నాకు అలవాటయింది. కొత్తగ ఆడేటోళ్ళ సంగతేంది? ఎనుకకు ఒక్కొక్కటి తీసేటట్టు ఒక గుర్తు పెట్టు. ఎర్రదాన్ని సిన్నగ జేసి అవుతల దిక్కు పెట్టు. అన్ని తీసేసినంక గూడ, అయ్యో అనుకుంటే మళ్ళ వచ్చేటట్టు పెట్టు."

"తీసేసినవి ఎక్కడి నుంచి తెస్తాను చెల్లె, గాల్లోంచా?" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నాకు మాత్రం లోపల భగ్గుమంది. ఆ బటన్ ఒక మనిషి వేళ్ళు కాపాడిందనీ, ద్రాక్షతోటలో కత్తెర పట్టినామె దాని చోటు మార్చమంటుందా అనీ. సిగ్గు విడిచి చెబుతున్నాను, సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

ఆ పేజీని ఇంగ్లీషులోకి మార్చలేదు. దాని ముందు పేజీ మార్చాను, వెనక పేజీ మార్చాను. పండు రంగు వెలసినట్టుందని రాసినదాన్ని కూడా మార్చాను. ఆ ఒక్క పేజీ మాత్రం తర్వాత చూద్దామని తిప్పేశాను. ఆ తర్వాత అనేది రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

మూడో నెల చివర్లో ఆ విదేశీ కంపెనీవాళ్ళు ఆటను బయటికి వదిలే ముందు కొంతమంది చేత ఆడించి చూశారు. ఒక మధ్యాహ్నం నా బల్ల మీది ఫోను మోగింది. యజమాని స్పీకరు పెట్టి అందర్నీ చుట్టూ పిలిచాడు. ఒకావిడ గొంతు, మర్యాదగానే ఉంది. ఆడినవాళ్ళలో చాలామంది విసుగెత్తి మధ్యలోనే మానేశారట. కష్టపడి ఎంచుకున్నవన్నీ ఒక్క పొరపాటుకు పోతున్నాయట, వెనక్కి తీసుకునే దారి లేదట. ఇంత కళ్ళకు కనిపించే తప్పు మీ పట్టికలో ఎందుకు లేదు, మీ దగ్గర పరీక్షించేవాళ్ళు ఎవరూ లేరా అని అడిగింది.

యజమాని అవతలికి వినపడకుండా ఫోనులో మ్యూట్ నొక్కి చెల్లె వైపు తిరిగాడు. "ఏంటమ్మా ఇది? నువ్వు చూడలేదా?"

"చూసిన సార్, రాసిన గూడ" అని ఆమె నా వైపు తిరిగింది. భయమేమీ లేదు ఆ మొహంలో. ఇప్పుడు తేలిపోతుంది కదా అన్న నిబ్బరం ఉంది. "అన్నా, జెప్పు. ఎర్ర బటన్ ముచ్చట రాసిన గద. డాబా మీద నోటితోని గూడ చెప్పిన."

అందరూ నన్నే చూశారు. నా డ్రాయరు నా మోకాలికి తగులుతూనే ఉంది. తెరిస్తే చాలు.

"చాలా రాస్తుంది సార్..." అన్నాను. "ఇది రాసిందో లేదో... నాకు గుర్తు లేదు."

ఆమె నోటుబుక్కు చూపించమని అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు. నా మొహం ఒక్క క్షణం చూసి, తల దించుకుంది. యజమాని అరిచే మనిషి కాదు. ఫోను పెట్టేశాక, "పోనీలే అమ్మా, టెస్టింగ్ నీవల్ల కాదేమో. రేపట్నుంచి పాత పనే చూసుకో" అన్నాడు. ఆమె మౌసు పక్కన తన చేతిగుడ్డ ఉంటే తీసుకుని, కుర్చీని బల్ల కిందికి జరిపి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ పనికీ రాలేదు, పాత పనికీ రాలేదు.

సరిచేయడానికి మాకు రెండు వారాలు ఇచ్చారు. నేను డ్రాయరు తెరిచి ఆ పేజీ ముందు పెట్టుకున్నాను. ఏం చేయాలో అందులో అంతా ఉంది. ఎంచుకున్న పండును మళ్ళీ నొక్కితే అదొక్కటే ఆరిపోయేటట్టు చేశాను. వెనక్కి ఒక్కొక్కటి తీసే వంకర బాణం పెట్టాను. "తీసేయి"ని చిన్నది చేసి, బూడిద రంగు వేసి, ఎడమ మూలకు తోసేశాను. ఆఖరిది, నేను నవ్విన సంగతి, అన్నిటికంటే తేలిక. "తీసేయి" నొక్కినప్పుడు ఎంపికలను చెరిపేయకుండా వరస తప్పకుండా పక్కన దాచిపెడితే చాలు. బాణం నొక్కితే అన్నీ తిరిగి వెలుగుతాయి. పదకొండు పళ్ళు పెట్టి, తీసేసి, బాణం నొక్కాను. ఒక్కసారిగా పదకొండూ వచ్చి కూర్చున్నాయి. చూడు చెల్లె అందామని పక్కకు తిరిగితే కుర్చీ ఖాళీగా ఉంది.

విదేశీ కంపెనీకి తెగ నచ్చింది. ముఖ్యంగా పోయినవి తిరిగొచ్చే బాణం ఎవరి ఆలోచనో గానీ భలే ఉందని రాశారు. యజమాని మేడ్చల్ నుంచి జిలేబీ తెప్పించి, "అంకుల్ ఆలోచన" అని అందరికీ చెప్పాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ ఆఫీసులో నాకోసం చప్పట్లు అదే మొదటిసారి. జిలేబీ పట్టుకుని డాబా ఎక్కాను. మూడో వరస కడీల వైపు చూడలేకపోయాను. జిలేబీ గోడ మీద పెట్టేసి దిగివచ్చాను.

మర్నాడు పొద్దున్నే నోటుబుక్కు తీసుకెళ్ళి యజమాని ముందు పెట్టి, ఆ పేజీ పైకి చదివి వినిపించాను. కింద తేదీ కూడా చదివాను. ఆయన చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజే చెప్పొచ్చు కదా అంకుల్?"

"చెప్పలేదు."

"ఎందుకని?"

"సిగ్గేసింది. నా బటన్ తప్పని అందరి ముందు ఒప్పుకోవడానికి."

"అరే... తప్పయితే మార్చుకుంటాం, అంతే కదా?" అన్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. తర్వాత, "పిలవండి. పర్మనెంట్ అని నేను చెప్పానని చెప్పండి" అన్నాడు.

ఆదివారం గౌడవెల్లి వెళ్ళాను. దారి పొడుగునా నా మీద నాకే కాస్త గౌరవం కలుగుతూ వచ్చింది. పోగొట్టింది తిరిగి తెచ్చిస్తున్నాను కదా అని. ఊళ్ళో అడిగితే ఆమె చర్చిలో ఉందన్నారు. నేను వెళ్ళేసరికి ప్రార్థన అయిపోయి అందరూ బయటికి వస్తున్నారు. ఆమె తెల్లచీరలో, చేతిలో బైబిల్‌తో వచ్చింది. నన్ను చూసి ఆగి, తలకొంగు సర్దుకుంది.

"మంచిగున్నరా సార్?"

ఆ "సార్" నాకు వెంటనే తగిలింది. అయినా నా శుభవార్త నేను చెప్పాను. యజమానికి అంతా చెప్పేశాననీ, పర్మనెంట్ చేశాడనీ. ఆమె శ్రద్ధగా వింది. ఇంటికి తీసుకెళ్ళి కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. గుమ్మంలో కూర్చున్న అత్తగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"పెద్దసారుకు గదిల తలుపేసుకోని చెప్పిండ్రా?" అంది.

"అవును."

"నన్ను తలుపేసి అనలే గద సార్. గా పిలగాండ్లందరి ముంగటనే అనిరి. ఆల్లందరు నాకు రాదనే అనుకుంటున్నరు." గొంతు పెంచలేదు. "ఏ పండు చెడ్డదో గా పండునే తియ్యాలె. పక్క గుత్తిల తీస్తే ఏం లాభం?"

"అందరి ముందూ చెబుతాను" అన్నాను.

"జెప్తే వస్త" అంది.

సోమవారం పొద్దున హాలు మధ్యలో నిలబడి, "బాబూ, అందరూ ఒకసారి వినండి" అన్నాను. హెడ్‌ఫోన్లు దిగాయి. ఎర్ర బటన్ తప్పు ఆమె ముందే పట్టిందనీ, నేను దాచాననీ, ఆ రోజు గుర్తు లేదన్నది అబద్ధమనీ, బాణం ఆలోచన కూడా ఆమెదేననీ చెప్పాను. నోటుబుక్కు తెరిచి చూపించాను. అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. బొమ్మలు గీసే కుర్రాడు, "మరి మీ పేరు మీద జిలేబీ ఎందుకు తిన్నామంకుల్?" అన్నాడు. నవ్వాలో లేదో తెలియక అందరూ తెరల వైపు తిరిగిపోయారు. నేను భయపడింది ఈ అర నిమిషానికా అనిపించింది.

కబురు పంపితే ఆమె మర్నాడే వచ్చింది. కొత్త నోటుబుక్కు తెచ్చుకుంది. ప్రతి పేజీ అడుగునా స్కేలు పెట్టి ఒక గీత గీసి ఉంది.

"ఇంగ్లీషుల రాసినంక గీడ సంతకం పెట్టుండ్రి సార్."

పెట్టాను. ఆ తర్వాత నాలుగేళ్ళు, పదకొండు నోటుబుక్కులు, ప్రతి పేజీ మీదా పెట్టాను. పేజీ పైమూల ఆమె ఇక ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఆమె నా మీద కోపంగా లేదు, అది మీరు అర్థం చేసుకోవాలి. నాకు విషజ్వరం వచ్చి వారం రాకపోతే, భర్త చేత మేడ్చల్ దాకా గంజి పంపించింది. వచ్చాక, "తగ్గిందా సార్? మంచిగ తినుండ్రి జర" అంది. కుర్రాళ్ళు ఆమెను "అక్కా" అనేవారు. మధ్యాహ్నం కింద వాళ్ళతోనే కూర్చుని తినేది. ఆ నవ్వులు డాబా దాకా వినిపించేవి. నేను దిగి వెళ్ళి కలిసి కూర్చోవచ్చు, ఎవరూ వద్దనరు. దిగలేదు. ఆ కాలంలోనే కడీలు కూడా పీకేసి ఇళ్ళకు పునాదులు తవ్వారు, లెక్కపెట్టడానికి అవి కూడా మిగల్లేదు.

నాలుగేళ్ళ తర్వాత ఆఫీసు నగరంలోకి మారింది. టెస్టర్లందరి మీదా పెద్దగా ఆమెను తీసుకెళ్ళారు. నేనక్కర్లేదన్నారు, మర్యాదగానే. ఆఖరి రోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి ఆఖరి నోటుబుక్కు పెట్టింది. "తప్పులు ఏం లేవు" అని ఒక్క వాక్యం. కింద గీత.

దాన్ని కూడా ఇంగ్లీషులోకి మార్చి, సంతకం పెట్టాను. పెన్ను మూత పెట్టడానికి కావలసినంత కంటే ఎక్కువ సేపు తీసుకున్నాను. ఒక్కసారి, పోయే ముందు ఒక్కసారి ఆ పాత పిలుపు పిలుస్తుందేమోనని.

"మంచిగుండుండ్రి సార్. పానం జాగ్రత్త" అంది. నోటుబుక్కు తీసుకుని, నా కుర్చీని కూడా బల్ల కిందికి సర్ది వెళ్ళింది.

ఆ పదకొండూ ఆమె దగ్గరే ఉన్నాయి. మొట్టమొదటి నోటుబుక్కు మాత్రం నా దగ్గరుండిపోయింది. ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు. ఇప్పటికీ రేడియో పక్కన అలమరాలో ఉంటుంది. ఎర్ర బటన్ పేజీ ఎన్నిసార్లు తీశానో, ఆ పేజీ దగ్గరే దానంతటదే తెరుచుకుంటుంది. దాని అడుగున గీత లేదు, సంతకం లేదు. అప్పటికి ఆమెకు నా సంతకం అవసరం పడలేదు. పైమూల చిన్న గుండ్రటి అక్షరాల్లో ఒక్క ముక్క ఉంది.

"అన్నా, గిది మాత్రం మర్వకు."